మామ్మగారూ, లేని మగ్గూ

పోయిన నెల మా ఎదురింటి రాళ్ళ మామ్మగారి జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఒక కథ చెప్పారు. చూపు మందగించిన రోజుల్లో ఆవిడ ఒకనాడు తన అరుగు మీదున్న నీళ్ళ మగ్గును చూసి, ఎవరో చిన్నపిల్ల కూర్చుందనుకుని, "ఎప్పుడొచ్చావమ్మా, అన్నం తిన్నావా?" అని అడిగిందట. "ప్రియులారా, ప్లాస్టిక్ మగ్గునైనా పస్తుంచలేని ప్రేమ అది!" అన్నారు పాస్టరుగారు. షామియానా కింద సగం మంది నవ్వారు, సగం మంది కళ్ళొత్తుకున్నారు. ముందు వరసలో ఉన్న ఆవిడ కొడుకు, కోడూరులో రొయ్యల చెరువులు చూసుకునే పెద్దమనిషి, లేచి నిలబడి, "నిజవేనండీ. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను" అని సాక్ష్యం కూడా ఇచ్చాడు.

నా పక్కన కూర్చున్న మా చిన్నది నా మోచేతి మీద గిల్లింది. అది ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, గోళ్ళు డిగ్రీ చదువుతున్నాయి. ఎందుకు గిల్లిందంటే, ఆ మగ్గు నాది. నేను కొన్నది కాదు, కల్పించింది. మామ్మగారు బతికుండగా ఏ మగ్గుతోనూ మాట్లాడలేదు. ఆ మాటకొస్తే మనుషులతో మాట్లాడిందే తక్కువ.

అందుకని ఆవిడ సంగతి ఉన్నదున్నట్టు రాయడానికి కూర్చున్నాను. ఉన్నదున్నట్టు అంటే, నాకు చేతనైనంత వరకూ.

మాది బందరులో చిలకలపూడి. ఇక్కడ రోల్డుగోల్డు నగ ఒక్క ఇంట్లోనే తయారైపోదు. ఒక ఇంట్లో రేకు కోస్తారు. పక్కింట్లో అచ్చు కొడతారు. ఆ పక్కింట్లో టంకం పెడతారు. మా ఇంట్లో మా ఆవిడ కొక్కేలు తగిలిస్తుంది. ఎదురింట్లో మామ్మగారు రాళ్ళు అతికేది. నగలు ట్రేల్లో కూర్చుని ఇంటినుంచి ఇంటికి వెళ్తుంటాయి. ట్రేతోపాటు కబురూ వెళ్తుంది. రేకులు కోసే ఇంట్లో "ఫలానా వాళ్ళబ్బాయికి జలుబట" అని బయల్దేరిన ముక్క, అచ్చుల ఇంటికి చేరేసరికి జ్వరమవుతుంది, టంకం ఇంట్లో టైఫాయిడవుతుంది, మా ఇంటి గడప తొక్కేసరికి "బెజవాడలో ఐసీయూలో పెట్టారట, రక్తం దొరకడం లేదట" అవుతుంది. అక్కణ్ణించి ఎదురింటి అరుగెక్కి చచ్చిపోయేది. అబ్బాయి కాదండీ, కబురు.

దానికి కారణం మామ్మగారి సుగుణాలు అని పాస్టరుగారంటారు. నేను రాళ్ళంటాను. ఆవిడ అతికే రాళ్ళు ఆవగింజలో సగం ఉండేవి. మా వీధిలో కొందరికి ఆవగింజలో సగం అంటే నమ్మకం చాలదు కాబట్టి పావు అనే రాస్తున్నాను. ఎదురుగా ఎవరైనా గట్టిగా 'ప' అంటే చాలు, పళ్ళెంలో రాళ్ళు లేచి గోడకి అంటుకునేవి. అందుకని ఆవిడ అరుగు మీద రెండు నిషేధాలు: మాట, ఫ్యాను. సీలింగుకి ఫ్యాను ఉంది. కొన్నప్పట్నుంచీ తిరగలేదు. మే నెలలో రోడ్డు మీద తారు పాయసంలా ఉడుకుతున్నప్పుడు కూడా ఆవిడ దాని కింద రాళ్ళెత్తే చిమటా పట్టుకుని, చెమట కారుతుంటే కదలకుండా, ఊపిరి పక్కకి వదులుతూ కూర్చునేది. కీర్తనలు కూడా నోరు మూసుకునే పాడేది. అదేం కీర్తనో వీధిలో ఎవరికీ తెలిసేది కాదు, దేవుడు మాత్రం పోల్చుకునేవాడనుకుంటాను.

పాలావిడ రోజూ పొద్దున్నే ఘుమఘుమలాడే వార్తతో వచ్చేది. "ఇది విన్నారా మామ్మగారూ, ఆ మేడింటి వాళ్ళ కోడలు..." అని ఎత్తుకునేది. మామ్మగారు చిమటా ఉన్న చెయ్యి పైకెత్తేది.

"ఉండమ్మా, రాయి ఎగిరిపోద్ది."

పాలావిడ నోరు బిగబట్టుకుని నిలబడేది. ఒక రాయి. ఇంకో రాయి. జిగురు ఆరాలి. హారం అటు తిప్పాలి. పావుగంట తర్వాత మామ్మగారు తలెత్తి, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అనేది. అప్పటికి వార్త చల్లారిపోయి, అందులో ఉప్పులేదని చెప్పేవాళ్ళకే తెలిసిపోయేది. "ఏం లేదులెండి, పుట్టింటికెళ్ళింది" అని క్యాను ఎత్తుకుని పోయేది.

ఆవిడ మెడలో మాత్రం ఏమీ ఉండేది కాదు. బందరు నుంచి బళ్ళారి దాకా పెళ్ళికూతుళ్ళ మెడలు నింపిన మనిషి, ఆదివారం తెల్లచీర కట్టి, జిప్పు కవరులో బైబిలు పట్టుకుని, ఖాళీ మెడతో చర్చికి వెళ్ళేది. "ఒక హారం వేసుకోవచ్చుగా పిన్నిగారూ, చేతిలో పనేగా" అని నేనోసారి అంటే, "వేసుకుంటే రాళ్ళన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటూ కూర్చుంటాను బాబూ, వాక్యం చెవికెక్కదు" అంది.

ఇక నేను. వీధి మొదట్లో నాకు జిరాక్స్ షాపు. ఆ మిషన్లో కాగితాన్ని ఉన్నదున్నట్టు తీసే బటనూ ఉంది, పెద్దది చేసే బటనూ ఉంది. నా నోటికి రెండోది ఒక్కటే ఇచ్చి పంపారు. ఆధార్ కాపీకి వచ్చినవాళ్ళు వరసలో నిలబడి విసుక్కోకుండా ఏదో ఒకటి చెబుతూ ఉంటాను. కొంతమంది కాపీ అక్కర్లేకపోయినా వస్తారు.

మా చిన్నది నాలుగో తరగతి చదివే రోజుల్లో ఒక సాయంత్రం, కొక్కేలు తగిలించిన ట్రే ఎదురింట్లో ఇచ్చి వచ్చి, పుస్తకాల సంచి ఇంకా భుజాన ఉండగానే చెప్పింది.

"అమ్మా, రాళ్ళ మామ్మగారికి కళ్ళు కనపడట్లేదు."

"తప్పు. పెద్దవాళ్ళని అలా అనకూడదు" అంది మా ఆవిడ.

"తప్పేంటి? నేను చూశాను. ఎర్ర రాయి పెట్టాల్సిన చోట ఆకుపచ్చది పెట్టేసింది. నేను ఎదురుగా నిలబడితే 'ఎవరూ?' అంది."

మా ఆవిడ నా వంక తిరిగింది. "ఏవండీ, పిల్లకి చెప్పండి. ఇవాళ మనింట్లో అంది, రేపు టంకం వాళ్ళింట్లో అంటుంది."

నేను పెసరట్టు తింటున్నాను. తింటూ చాలా లోతుగా ఆలోచించాను. పిల్ల పొరుగావిడ గురించి చాటుగా మాట్లాడుతోంది. తండ్రి అడ్డుపడాలా, వద్దా? అడ్డుపడితే పసిమనసు ముడుచుకుపోతుంది. రేపు నిజంగా చెప్పాల్సిన సంగతి వచ్చినా నాన్న తిడతాడని దాచుకుంటుంది. అడ్డుపడకపోతే అదే అలవాటై, పెద్దయ్యాక నాలా తయారవుతుంది. రెండు వైపులా బలమైన వాదనలున్నాయి. ఒక పెసరట్టు అడ్డుపడమంది, రెండో పెసరట్టు ఆగమంది. తీర్పు చెప్పాల్సిన మూడో పెసరట్టు మా ఆవిడ వెయ్యలేదు.

"చెప్తానే. పూర్తిగా వినకుండా ఎలా మందలిస్తాం? చిన్నా, ఇంకేం చేసింది మామ్మగారు?"

"ఇంకేం చెయ్యలేదు. రాయి తీసేసి మళ్ళీ పెట్టింది."

"బాగా గుర్తు తెచ్చుకో. స్తంభాన్ని గుద్దుకోవడం, పిల్లిని చూసి పలకరించడం, అలాంటివి?"

"లేదు నాన్నా. అంతే."

అంత మంచి సరుకు చేతికి దొరికి, పిల్ల దాన్ని అలా ముద్దగా తెచ్చి పడేయడం నాకు బాధనిపించింది. అడ్డుపడలేదు. అడ్డుపడకపోవడం పిల్లల పెంపకంలో కొత్త పద్ధతని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పెనం కడిగేసింది.

మర్నాడు షాపులో ఎనిమిది మంది వరసలో ఉన్నారు. మిషన్ వేడెక్కే లోపు మగ్గు పుట్టింది. నీలం రంగు మగ్గు. దానికి ఆ రంగు వెయ్యడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు. "ఎప్పుడొచ్చావమ్మా, అన్నం తిన్నావా?" అని మామ్మగారి గొంతు పెట్టి చెప్పాను. ఎనిమిది మందీ మిషన్ మీద పడి నవ్వారు. మధ్యాహ్నానికి మగ్గు బకెట్టయింది. సాయంత్రానికి మామ్మగారు ఆ బకెట్టుకి జడేసి పూలు పెట్టింది. గుడివాడ బస్సెక్కి వెళ్ళిన కథ తిరుగు బస్సులో మళ్ళీ నా షాపుకే వచ్చింది. చెప్పినాయన, "మీ వీధేగా, మీకు తెలీదా?" అని నన్ను జాలిగా చూశాడు. నేను నోరు తెరుచుకుని విన్నాను. అంత బాగా పెంచారు దాన్ని.

మూడో రోజు ట్రే ఆగిపోయింది.

మా వీధంతటికీ పని ఇచ్చేది దుకాణం భాయిగారు. ఆయన మనిషి వచ్చి, మా ఇంటి ట్రేని ఇకనుంచి వీధి చివర కొత్తగా రాళ్ళపని నేర్చుకున్న వాళ్ళింటికి పంపమన్నాడు. ఎందుకని అడిగితే, "పెద్దాయన చెప్పమన్నది చెప్పాను" అన్నాడు. మామ్మగారికి ఆ ముక్క కూడా చెప్పినవాడు లేడు. ఎవడు చెప్తాడు? "మీకు మగ్గుకీ మనిషికీ తేడా తెలియడం లేదటండీ" అని మొహం మీద ఎలా అంటారు? ఆవిడ పొద్దున్నే జిగురు కలుపుకుని, చిమటా తుడుచుకుని కూర్చుంది. పదయింది. పన్నెండయింది. జిగురు గడ్డకట్టింది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన మా చిన్నది వీధిలోనే ఆగిపోయింది. పరుగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకుంది.

"నాన్నా, మామ్మగారి ఫ్యాను తిరుగుతోంది."

వెళ్ళి చూశాను. నిజమే. ఎన్నేళ్ళ దుమ్మో రెక్కల మీంచి రాలుతుంటే, ఆవిడ దాని కింద రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎగిరిపోవడానికి ఎదురుగా ఒక్క రాయీ లేదు. ఆ ఫ్యాను చప్పుడు విమానం చప్పుడులా ఉందని రాయబోయాను. కాదు. మామూలు ఫ్యాను చప్పుడే.

"నేను చెప్పినందుకా?" అంది మా చిన్నది.

"ఛ, నువ్వు చెప్తే ఎవరు వింటారు?"

"మరి ఎందుకు?"

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ ఏమీ అనకపోతే నేను ఇంట్లో ఉండలేను. స్కూటరు తీశాను. పిల్ల అడక్కుండానే ముందెక్కి నిలబడింది.

భాయిగారు దుకాణంలో కంటికి భూతద్దం పెట్టుకుని చెవిదుద్దులు చూస్తున్నారు. ఆయన ఒక దుద్దును చూసే తీరులో మా పెళ్ళిచూపుల్లో మా మావగారు నన్ను చూసి ఉంటే నాకు ఆ పెళ్ళి అయ్యేది కాదు.

"భాయిగారూ, ఆ మగ్గు సంగతి అబద్ధమండీ."

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను."

"మగ్గు కథ ఎవరు చెప్పారు?"

"అదీ నేనేనండీ."

ఆయన భూతద్దం తీసి నన్ను మామూలు కంటితో చూశారు. "పోయిన తుఫానుకి మీ షాపులోకి కొరమీను ఈదుకుంటూ వచ్చి, కౌంటరెక్కి కూర్చుందన్నారు. మా వాళ్ళు ఆ చేపని చూడ్డానికి రిక్షా కట్టించుకుని వచ్చారు. మీ మాటల్లో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో నేను ఎలా తెలుసుకోను చెప్పండి?"

జీవితంలో మొదటిసారి నిజం చెబుతుంటే నన్ను నమ్మే మనిషి లేడు. పెద్దది చేద్దామా అంటే, ఇందులో పెద్దది చెయ్యడానికేమీ లేదు. మగ్గు లేదు. లేనిదాన్ని ఎంత లేదని చెప్పను?

"ఆవిడంటే నాకు గౌరవమేనండీ" అన్నారు భాయిగారు. "మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు మా ఇంటికి కూరలు పంపింది. కానీ ఇది చెన్నై వెళ్ళే పెళ్ళి సరుకు. ఒక హారంలో ఒక్క రాయి తేడా వస్తే పెట్టె మొత్తం వెనక్కొస్తుంది. నా మీద పది ఇళ్ళు ఆధారపడి ఉన్నాయి. ఏం చెయ్యను?"

"నేను చూశానండీ" అంది మా చిన్నది. కౌంటరు అంచు దాని గడ్డం దగ్గరికి వస్తోంది.

"ఏం చూశావమ్మా?"

"ఒక్క రాయి. ఎర్రది పెట్టాల్సిన చోట ఆకుపచ్చది పెట్టింది. గేటు దగ్గర ఎండలోకి తీసుకెళ్ళి చూసుకుంది. తీసేసింది. ఎర్రది పెట్టింది."

"తర్వాత?"

"తర్వాత నేను ఇంటికెళ్ళిపోయాను."

"మరి మగ్గు?"

"మామ్మగారింట్లో మగ్గే లేదండీ. ఇత్తడి చెంబుంది."

భాయిగారు ఒక నిమిషం దాన్ని చూశారు. తర్వాత లేచి, బీరువాలోంచి రెండు ట్రేలు తీశారు. మామ్మగారు ఆఖరుసారి పంపినవి. కబురు చెవిన పడ్డాక చూడకుండానే పక్కన పెట్టేశారట. ఒక్కొక్క హారం భూతద్దం కింద పెట్టారు. మేం నిలబడే ఉన్నాం. దుకాణం ముందు నుంచి ఏడు ఆటోలు వెళ్ళాయి. ఏడే, లెక్కపెట్టాను. ఆయన ఆఖరి హారం కింద పెట్టి, "ఒక్కటీ తప్పు లేదు" అన్నారు. హారాలు మళ్ళీ ట్రేలో సర్దుతూ, "ప్రతిదీ ఎండలోకి పట్టుకెళ్ళి చూసుకుని పంపిందన్నమాట. ఆ వయసులో, రోజుకి ఎన్నిసార్లు లేచి ఉంటుందో" అన్నారు.

ఎంతైనా పిల్ల చెప్పింది నిజమే కదా, చూపు తగ్గింది. అందుకని ఆయన తీర్పు కూడా సగం సగమే వచ్చింది. "రేపట్నుంచి సగం ట్రే పంపుతాను. కళ్ళు చూపించుకొమ్మనండి. బాగయ్యాక మొత్తం." తర్వాత మా చిన్నదాని వైపు వంగి, "నువ్వు చూసింది నాకు నువ్వే చెప్పు, అమ్మా. మీ నాన్నగారితో పంపకు" అన్నారు.

తిన్నగా మామ్మగారి అరుగెక్కాం. ఫ్యాను ఇంకా తిరుగుతోంది. నేను తప్పు ఒప్పుకోవడానికి వచ్చాను కాబట్టి గొంతు సవరించుకున్నాను. కనీసం పది నిమిషాలు సాగే ఒప్పుకోలు తయారు చేసుకున్నాను దారిలో.

"పిన్నిగారూ, ఊళ్ళో ఒక మాట..."

"తెలుసు బాబూ. ఇందాక పాల డబ్బులకొచ్చి పాలావిడ చెప్పింది. ఫ్యాను తిరుగుతోంది కదా, తీరిగ్గా కూర్చుని మొత్తం చెప్పింది. బకెట్టుకి జడ దాకా." ఆవిడ చీరకొంగుతో మొహం తుడుచుకుంది. "అందులో రాయి పిల్లది. మగ్గు మీది."

"ఎలా తెలిసింది?"

"రాయి నిజం కాబట్టి."

నా పది నిమిషాల ఒప్పుకోలు గొంతులోనే ఉండిపోయింది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే నయం, దాన్ని షాపులో ఒక నెల చెప్పుకునేవాణ్ణి. "పిల్ల చూసింది చెప్పింది. మీరు చూడనిది చెప్పారు" అంది, జిగురు డబ్బా మూత పెట్టుకుంటూ.

మా చిన్నది ఆవిడ మోకాలి దగ్గరికి వెళ్ళింది. "నేను చెప్పకుండా ఉండాల్సిందా మామ్మగారూ?"

ఆవిడ ఒక రాయి అతికేంత సేపు ఆలోచించింది. "కళ్ళు బాలేవని నేనే ఎవరికీ చెప్పలేదమ్మా. చెప్తే ట్రే ఆగిపోద్దని. మా వాడికి చెప్తే కోడూరు వచ్చెయ్యమంటాడు, అక్కడ నాకేం పని, రొయ్యలకి రాళ్ళు అతకనా?" అని, పిల్ల చెయ్యి పట్టుకుంది. "చెప్పొచ్చు. ముందు నాతో చెప్పాల్సింది. 'మామ్మగారూ, తప్పు పెట్టారు' అని. అంతే."

"మీరు తిడతారేమోనని."

"తిట్టేదాన్నేలే" అంది మామ్మగారు. "అయినా."

భాయిగారి కబురు వినగానే ఆవిడ లేచి, గోడ దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి, ఫ్యాను కట్టేసింది.

పెళ్ళిళ్ళ సరుకు వెళ్ళిపోయాక గుడివాడలో కంటి ఆపరేషన్ చేయించుకుంది. కొడుకు కోడూరు నుంచి వచ్చి తీసుకెళ్ళాడు. ఆయన మా వీధికి వచ్చింది ఆ ఏడాదిలో అదొక్కసారే. అప్పటికి మగ్గు పుట్టి, పెరిగి, ఊళ్ళు తిరిగి, ముసలిదై పోయింది. కూడికలో 'పక్కనే ఉన్నాను' అని సాక్ష్యమిచ్చిన ఆయన దాని పక్కన ఎప్పుడు కూర్చున్నాడో నాకు తెలియదు. నల్లద్దాలు పెట్టుకుని వారం రోజులు అరుగు మీద కూర్చుంది మామ్మగారు, సినిమా హీరోలా. కాదు, సినిమా హీరో తల్లిలా. వారం తర్వాత రోడ్డు దాటి మా ఇంటికి వచ్చింది. అన్నేళ్ళలో ఆవిడ మా గడప తొక్కడం అదే మొదటిసారి. చేతిలో పిల్లకి సున్నుండలు ఉన్నాయి.

నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. ఆవిడ నల్లద్దాలు తీసింది. నన్ను కింది నుంచి పైదాకా, భూతద్దం అక్కర్లేకుండా, హారాన్ని ఎండలో తిప్పి చూసినట్టు చూసింది.

"ఇంతేనా బాబూ? మీ మాటలు విని, మీరు ఇంకో జానెడు పొడుగుంటారనుకున్నాను."

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. పెళ్ళయ్యాక అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. మా చిన్నది నవ్వలేదు. దానికి తీరిక లేదు. సున్నుండ నోట్లో పెట్టుకుని, చెప్పులు సగం తొడుక్కుని, అప్పటికే గేటు దాటింది.

"అయ్యో, మీరేమీ అనుకోకండి మామ్మగారూ" అంది మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ. "ఏవండీ, అది టంకం వాళ్ళింటికే వెళ్తోంది. ఆపండి. వీధంతా చెప్తుంది."

గేటు దాకా వెళ్ళాను. పిలవడానికి నోరు కూడా తెరిచాను. టంకం ఇంటి కిటికీలోంచి పిల్ల గొంతు వినిపించింది. "జానెడు అంది. నేను విన్నాను." లోపల పదిమంది ఘొల్లుమన్నారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఇది మా పిల్ల చూసిన సంగతి. నా ముందే విన్న సంగతి. అడ్డుపడ్డానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు.

చీకటి పడేలోపు నా షాపుకి వచ్చిన ఒకాయన, మామ్మగారు నన్ను మూరెడు పొట్టివాడన్నదట కదా అని పరామర్శించాడు. షట్టరు దించి, ఇంటింటికీ వెళ్ళి విచారించాను. టంకం ఇంట్లో, అచ్చుల ఇంట్లో, రేకుల ఇంట్లో. మా పిల్ల ప్రతి ఇంట్లోనూ జానెడే చెప్పింది.